రాసిచ్చింది, రాయించుకున్నాడు

సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ దాటాక, బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు మన్నెగూడ వస్తుంది. ఆ కాస్త దూరంలోనే 'నెవర్ గివ్ అప్' అనే మాట ఎన్నిచోట్ల కనిపిస్తుందో చెప్పలేను. జిమ్ అద్దం మీద ఉంటుంది, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ఉంటుంది, ఆటో వెనక ఉంటుంది. ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీలకి బస్సెక్కే పిల్లల టీషర్టుల మీద మరీ ఎక్కువ. అదే రోడ్డు మీద, జిరాక్స్ షాపుల పక్కన, దస్తావేజులు రాసేవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ దగ్గర తయారయ్యే కాగితాల్లో ఒకదాని పేరు 'హక్కు విడుదల దస్తావేజు'. ఇంగ్లీషులో చెప్పాలంటే గివ్ అప్ చేసే కాగితం. వదలొద్దని చెప్పే బోర్డు కింద కూర్చుని వదిలేశానని సంతకం పెట్టడం ఈ రోడ్డు మీద పెద్ద వింతేమీ కాదు. ఆ రెండూ ఒకే క్రియ అని ఎవరికీ తట్టదు, అంతే.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళని ఫ్రేజల్ వెర్బులు బాగా ఏడిపిస్తాయి. గివ్ అంటే తెలుసు, అప్ అంటే తెలుసు, రెండూ పక్కపక్కన నిలబడితే మాత్రం మనకి పరిచయం లేని మూడో మనిషి తయారవుతాడు. గివ్ అప్ అంటే సిగరెట్లు మానేయడం. బస్సులో ముసలాయనకి సీటివ్వడం కూడా అదే. పొడుపు కథ విప్పలేక 'ఓడిపోయా, నువ్వే చెప్పు' అనడం, పోలీసుల ముందు లొంగిపోవడం, డాక్టర్లు ఆశ వదిలేయడం, ఇక వీడు బాగుపడడని కొడుకు మీద నమ్మకం తీసేసుకోవడం, దాచిన రహస్యం కక్కేయడం, దుఃఖానికో తాగుడికో తనని తాను అప్పజెప్పుకోవడం... అన్నిటికీ ఆ రెండు మాటలే. అందులో కొన్ని పనులు చేస్తే మెచ్చుకుంటాం, కొన్ని చేస్తే ఛీ అంటాం. సిగరెట్ విషయంలో 'నెవర్ గివ్ అప్' అని ఎవడూ చెప్పడు కదా! అంటే ఆ క్రియలో మంచీ చెడూ లేవు. దేన్ని వదిలావు, ఎందుకు వదిలావు, ఎవరి కోసం వదిలావు అని విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఈ మూడింట్లో చివరి ప్రశ్న దగ్గరే నాకు పేచీ. గివ్ అనే క్రియకి మామూలుగా ఒక పుచ్చుకునేవాడు కావాలి. ఇచ్చాను అంటే 'ఎవరికి?' అని అడుగుతాం. దాని పక్కన అప్ చేరగానే ఆ పుచ్చుకునేవాడు తప్పుకోవడానికి వీలు దొరుకుతుంది. కోటని శత్రువుకి గివ్ అప్ చేశారంటే ఎదురుగా శత్రువు ఉన్నాడు. 'ఐ గివ్ అప్' అంటే ఎదురుగా ఎవరూ లేరు. 'షి గేవ్ అప్ హర్ షేర్' అన్నామనుకోండి, వాక్యం పూర్తయిపోయింది, వ్యాకరణం సంతృప్తి పడింది. ఆ భాగం ఏమైంది? గాలిలో కలిసిందా? పైకి, అంటే 'అప్'కి, వెళ్ళిపోయిందా?

ఒకే మాట ఇన్ని పనులు మోస్తే ఏమవుతుందో చూడటానికి బైబిల్ మంచి చోటు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో యేసు మరణం దగ్గర మార్కు, లూకా, యోహాను ముగ్గురి సువార్తల్లోనూ ఒకే ఇంగ్లీషు పదబంధం కనిపిస్తుంది, గివ్ అప్ ద గోస్ట్. గ్రీకు మూలంలో అవి ఒకటి కావు. మార్కు, లూకా వాడినది ఊపిరి విడవడమనే క్రియ. యోహాను వాడినది ఒకరి చేతికి అప్పజెప్పడమనే క్రియ. మన తెలుగు బైబిల్ ఈ తేడాని నిలబెట్టింది. అక్కడ ప్రాణం విడవడం, ఇక్కడ ఆత్మని అప్పగించడం. విడవడానికి ఎదుట ఎవరూ అక్కర్లేదు, అప్పగించడానికి కావాలి. (అప్పగింతలోనూ 'అప్' ఉంది కదా అని ఎవరైనా అంటారేమో, అది వట్టి కాకతాళీయం. కానీ పెళ్ళిలో అప్పగింతల దగ్గర ఎందుకు ఏడుస్తామో ఆలోచిస్తే, ఆ మాటలో పుచ్చుకునేవాళ్ళ చెయ్యి ఎంత గట్టిగా కనిపిస్తుందో తెలుస్తుంది.)

తెలుగులో ఫ్రేజల్ వెర్బులు లేవు. వాటి పనిని మన క్రియల తోకలు చేస్తాయి. ఉద్యోగం మానేశాడు. ఉద్యోగం వదిలేశాడు. ఉద్యోగం వదులుకున్నాడు. ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నలుగురూ మర్నాడు ఆఫీసుకి వెళ్ళరు, కానీ నలుగురూ వేరే మనుషులు. మానేసినవాడి గురించి మనకి పెద్ద ఆరా లేదు. వదిలేసినవాడికి ఇంకేదో మంచిది దొరికి ఉంటుంది, లేదా విసిగిపోయి ఉంటాడు. వదులుకున్నవాడి వెనక ఒక తల్లి జబ్బో, ఒక పిల్లవాడి చదువో ఉంటుంది. పోగొట్టుకున్నవాడిని చూసి జాలి పడతాం. 'వేయు' చేరితే పని తెగిపోయింది, దులుపుకుని వెళ్ళొచ్చు. 'కొను' చేరితే పని తిరిగొచ్చి చేసినవాడి ఒంటికే అంటుకుంటుంది. దీన్ని ఆత్మార్థకం అంటారు వ్యాకరణంలో. వండటం ఎవరికోసమైనా కావచ్చు, వండుకోవడం మాత్రం మనకోసమే.

విచిత్రం ఏంటంటే ఈ 'కొను' విడిగా నిలబడితే దానికి డబ్బిచ్చి తెచ్చుకోవడం అని అర్థం. మన్నెగూడ చుట్టుపక్కల పాత ఊరివాళ్ళని, 'ఈ వెంచర్ ఉన్నచోట మీ చేన్లు ఉండేవా?' అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. 'అమ్మేసినం' అనేవాళ్ళు కొందరు. 'అమ్ముకున్నం' అనేవాళ్ళు ఎక్కువమంది. మొదటిది వ్యాపారం. రెండోదానిలో ఒక బిడ్డ పెళ్ళి, ఒక ఆస్పత్రి బిల్లు, పక్కవాళ్ళందరూ అమ్మాక బోరు ఎండిపోయి ఒంటరిగా మిగిలిన ఎకరం, ఇలాంటివి ఉంటాయి. అమ్ముకోవడం అనే మాటలో అమ్మడమూ కొనడమూ రెండూ ఉన్నాయి. ఏం కొన్నారన్నది మాత్రం చెప్పరు.

ఇంకో మాట చూడండి, రాజీనామా. రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. ఉర్దూ, పార్సీల్లో అది ఒప్పందపు కాగితం, ఇష్టపడి రాసుకున్న కాగితం. మనదగ్గరికి వచ్చేసరికి అది ఉద్యోగం వదిలేసే కాగితం అయింది. మధ్యలో ఏం జరిగిందో చెప్పే ఆనవాలు ఒకటి బొంబాయి ప్రెసిడెన్సీ భూమి రికార్డుల్లో ఉంది. అక్కడ రైతు తన సాగుభూమిని వదిలేస్తున్నానని సర్కారుకి రాసిచ్చే కాగితాన్ని రాజీనామా అనేవాళ్ళు, ఆ భూమిని తీసుకునే కొత్త రైతు రాసిచ్చేదాన్ని కబూలియత్ అనేవాళ్ళు. ఇచ్చేవాడికో కాగితం, పుచ్చుకునేవాడికో కాగితం. ఇచ్చేవాడి కాగితం పేరులోనే 'ఇష్టపూర్వకంగా' అని ఉంది. ఇష్టం ఉందో లేదో తర్వాత సంగతి, ముందు పేరులో పెట్టేశారు. రాజీ పడటం అంటే ఇవాళ మనకి ఏ అర్థం వచ్చిందో గమనిస్తే ఆ 'ఇష్టం' ఎటు పోయిందో తెలుస్తుంది.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఉంటుంది. అరవై దాటాయి. పుట్టిల్లు ఇబ్రహీంపట్నం దగ్గరే. తండ్రి పోయాక, విరాసత్ చేయించుకునేటప్పుడు కాదు, చాలా ఏళ్ళకి, ఆ భూమికి ధర వచ్చాక ఆమె సంతకం అవసరమైంది. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పింది.

"ఇచ్చిన బిడ్డా. తమ్మునికే గద."

"మీరే ఇస్తానన్నారా పెద్దమ్మా?"

"అడిగితే ఇయ్యనందునా? అడగలే. కాయితం టైపు జేపిచ్చుకోనే వచ్చిండు. ఫొటో గావాలె, ఆధార్ కారట్ గావాలె అన్నడు. పొద్దుగాల కారు పంపిండు. చీర వెట్టిండు."

కాసేపాగి, నేనేమీ అడక్కుండానే అంది: "ఇయ్యకపోతే మల్ల యాడికి పోదు?"

ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఐదు నిమిషాల్లో అన్నవి. అడిగితే ఇచ్చేదాన్ని. ఇవ్వకుండా ఉండలేకపోయేదాన్ని. ఒకదానికొకటి అడ్డొస్తున్నట్టు అనిపిస్తాయి, కానీ రెండూ నిజం. ఆమెకి భాగం పోయినందుకు బాధ ఉన్నట్టు నాకు కనిపించలేదు. ఆ ఎకరాల ధర ఎంత పలికిందో ఆమెకి సరిగ్గా తెలియదు కూడా. ఆమెని కుడుతున్నది ఆ 'అడగలే' అన్న ఒక్క మాట.

ఆమె సంతకం ఎందుకు అవసరమైందో కాస్త చట్టం చెప్పుకోవాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్ళకి పిత్రార్జిత ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళైన కూతుళ్ళని అది పక్కన పెట్టింది. 2005లో కేంద్ర చట్టం మారి, ఆ పెళ్ళి తేడా పోయింది. 2004 డిసెంబర్ 20కి ముందు పద్ధతిగా జరిగిపోయిన పంపకాల జోలికి మాత్రం వెళ్ళలేదు. తండ్రి బతికుంటేనే వర్తిస్తుందా లేదా అన్న గొడవ చాలాకాలం నడిచి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. ఇదంతా కూతుళ్ళకి ఆస్తి రావడానికి జరిగింది. సాగర్ రోడ్డు మీద దాని ఫలితం ఇంకో రకంగా కనిపించింది. అంతకుముందు ఆడపిల్లల్ని ఎవరూ పట్టించుకోకుండా భూమి చేతులు మారేది. ఇప్పుడు వాళ్ళ సంతకం లేకపోతే చేతులు మారదు. హక్కు రావడమూ, దాన్ని విడుదల చేయమని కారు రావడమూ దాదాపు ఒకేసారి జరిగాయి.

కారు పంపినవాడు తమ్ముడే అయినా ఆ సంతకం కావలసింది తమ్ముడొక్కడికే కాదు. ప్లాటు కొనేవాడు వకీలు దగ్గరికి వెళ్తే ఆయన లింక్ డాక్యుమెంట్లు తిరగేసి అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, 'ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా?' అని. బ్యాంకు లోను కోసం లీగల్ ఒపీనియన్ రాసేవాళ్ళదీ అదే ప్రశ్న. ఉన్నాయంటే టైటిల్ క్లియర్. నేనుండే ఇంటి కాగితాల కట్టలో కూడా ఎప్పటివో నాలుగు వేలిముద్రలున్నాయి, వాళ్ళెవరో నాకు తెలియదు. అంటే పుచ్చుకునేవాళ్ళ వరస తమ్ముడితో మొదలై, వెంచర్ వేసినవాడి మీదుగా, బాల్కనీలో కూర్చుని ఈ వ్యాసం రాసుకుంటున్న నా దాకా వస్తుంది. 'షి గేవ్ అప్ హర్ షేర్' అన్న వాక్యంలో మేమెవరమూ లేము. తెలుగులో అలా తప్పించుకోలేం. ఆమె రాసిచ్చింది. అతను రాయించుకున్నాడు. ఒకే కాగితం, ఒకే వేలిముద్ర, రెండు క్రియలు. 'రాసిచ్చింది'లో ఇవ్వడం ఉంది కాబట్టి ఎవరికి అన్న ప్రశ్న దాక్కోలేదు. 'రాయించుకున్నాడు'లో ఒకరి చేత చేయించడమూ, తనకోసం చేసుకోవడమూ రెండూ ఉన్నాయి. అసలు విషయమంతా ఆ ఒక్క క్రియే చెప్పేస్తోంది.

దస్తావేజు భాష మాత్రం వేరే. అందులో అక్క గొంతుతో ఇలా ఉంటుంది: ఎవరి బలవంతమూ లేకుండా, స్వస్థ చిత్తంతో, నా పూర్తి ఇష్టంతో, సోదరుడి మీది ప్రేమాభిమానాల కొద్దీ... ఆ వాక్యాలు ఆమెవి కావు. ఆమెకి చదువు రాదు కూడా. కాగితం పేరులో ఉన్న విడుదల అనే మాటకి మనం జైలు తలుపు తెరుచుకోవడం, కొత్త సినిమా రావడం అని కూడా అర్థం చెప్పుకుంటాం. ఇక్కడ విడుదల అవుతున్నది భూమి, ఆమె చేతిలోంచి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఆమె 'ఇచ్చిన' అంటోంది. చదువుకున్న మనిషివి నువ్వొచ్చి, కాదు పెద్దమ్మా, నీ దగ్గర తీసుకున్నారు అంటే ఆమెకి ఏం మిగులుతుంది? ఇచ్చిన అనే మాటలో ఒక గౌరవం ఉంది. మోసపోయిన మనిషిగా కంటే ఇచ్చిన మనిషిగా బతకడం మేలు కదా. నిజమే. నేనామెతో ఆ వాదన పెట్టుకోలేదు, పెట్టుకోను కూడా. పైగా ఆమె లెక్క ఆమెకుంది. బతుకమ్మకి పుట్టింటికి పోవాలి. ఒడిబియ్యం పోయడానికి తమ్ముడి ఇల్లు కావాలి. రేపు తను పోతే పుట్టింటి చీర రావాలి. మొగుడితో గొడవైతే ఒక రాత్రి తలదాచుకోవడానికి ఆ గడప కావాలి, ఈ వయసులో కాకపోయినా ఒకప్పుడు కావలసి వచ్చిందేమో. దక్షిణాసియా అంతటా ఆడవాళ్ళు అన్నదమ్ముల కోసం భూమి హక్కు ఎందుకు వదులుకుంటారన్న విషయాన్ని బీనా అగర్వాల్ 1994లో వచ్చిన 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకంలో వివరంగా రాశారు. ఆపదలో పుట్టింటి అండ పోకుండా ఉండటమే అందులో పెద్ద కారణం. రాజస్థాన్‌లో దీనికి 'హక్ త్యాగ్' అని ఆచారం పేరే ఉంది.

అలా చూస్తే పెద్దమ్మ చేసింది వదిలేయడం కాదు. గడపని కొనుక్కుంది. వదులుకోవడంలోని ఆ 'కొను' ఇక్కడ అసలు అర్థంతోనే పనిచేస్తోంది. అది బేరమైతే బేరమనే అనొచ్చు, తప్పేం లేదు. కానీ బేరంలో రెండు పక్షాలూ తమ సరుకు చూపించాలి. ఈ బేరంలో ఆమె పక్క సరుకుకి రిజిస్ట్రేషన్ ఉంది, తమ్ముడి పక్క సరుకుకి లేదు. చీర పెట్టడం వచ్చే ఏడు మానేస్తే ఏ కోర్టులోనూ అడగడానికి లేదు.

త్యాగం గురించి మనవాళ్ళు తక్కువ ఆలోచించలేదు. భగవద్గీత చివరి అధ్యాయం మొదలయ్యేదే సన్యాసానికీ త్యాగానికీ తేడా ఏంటన్న అర్జునుడి ప్రశ్నతో. ఇంగ్లీషులో ఆ రెంటినీ గివ్ అప్ అనేయొచ్చు, కృష్ణుడు అనడు. ఒళ్ళు కష్టపడుతుందన్న భయంతో వదిలేస్తే అది రాజస త్యాగం, దానివల్ల త్యాగఫలం రాదంటాడు. ఎంత సూక్ష్మమైన పరిశీలన! అయితే ఆ పరిశీలనంతా వదిలేవాడి మనసు మీదే. భయంతో వదిలావా, మోహంతో వదిలావా, ఫలం మీద ఆశ లేకుండా వదిలావా అని వాడినే నిలదీస్తుంది. ఆ భయం ఎవరు పెట్టారు, వదిలినదాన్ని ఎవరు ఏరుకున్నారు అన్నది అక్కడ ప్రశ్న కాదు. పురాణాల్లోనూ మనం చెప్పుకునేది ఇచ్చినవాళ్ళ గొప్పే. దానకర్ణుడు అనే మాట ఉంది. మారువేషంలో వచ్చి కవచకుండలాలు అడిగి పట్టుకుపోయిన ఇంద్రుడికి అలాంటి బిరుదేదీ పెట్టలేదు. ఏకలవ్యుడి బొటనవేలు ఊరూరా కథైంది, ఆ వేలు పుచ్చుకున్న గురువు పేరున ఉత్తమ కోచ్‌లకి కేంద్ర ప్రభుత్వం అవార్డు ఇస్తుంది.

కానీ పుచ్చుకోవడం గురించి కూడా మనకి ఒక ఆలోచన ఉండేది. దాని పేరు ప్రతిగ్రహం. దానం పట్టడం ప్రమాదకరమైన పని అని ధర్మశాస్త్రాలు పదేపదే హెచ్చరించాయి. పుచ్చుకునే అర్హత ఉన్నా ఆ ఆసక్తి పెంచుకోవద్దు, తేజస్సు తగ్గిపోతుంది అంటుంది మనుస్మృతి నాలుగో అధ్యాయం. ఆడవాళ్ళ ఆస్తి గురించిన వ్యాసంలో మనువుని సాక్షిగా పిలవడం విడ్డూరమే, పైగా అక్కడి మాట బ్రాహ్మణులు దానాలు పట్టడం గురించి. అయినా ఆ ఊహ నాకు నచ్చుతుంది. ఇచ్చినవాడి కథ ఇవ్వడంతో అయిపోదు, పుచ్చుకున్నవాడి కథ అక్కడే మొదలవుతుంది, తీసుకున్నది మెడకి చుట్టుకుంటుంది. మన పల్లెల్లో గ్రహదానం, శనిదానం పట్టడానికి మనుషులు వెనకాడటంలో ఆ భయం ఇంకా బతికే ఉంది. నువ్వులు పుచ్చుకోవడానికి భయపడతాం, ఎకరాలు పుచ్చుకోవడానికి భయపడం.

ఇవ్వడానికీ లాక్కోవడానికీ మధ్య గీత ఎక్కడుంది? ఇష్టం ఉందా లేదా అని ఇచ్చినవాళ్ళ మనసులో వెతికితే దొరకదని పెద్దమ్మ మాటలే చెబుతున్నాయి. ఆమె మనసులో రెండూ ఉన్నాయి. గీత పుచ్చుకునేవాడి వైపు ఉంది. అతను అడిగాడా లేదా? అడగడం అంటే నోటితో ప్రశ్న వేయడం మాత్రమే కాదు, కాదనే జవాబు వచ్చినా నిలబడటానికి సిద్ధపడటం. 'అక్కా, నీ భాగం నాకిస్తావా? ఇవ్వకపోయినా బతుకమ్మకి రా' అని ఉంటే ఆమె ఎలాగూ ఇచ్చేది, ఆ ఇవ్వడం ఆమెదయ్యేది. కాగితం కొట్టించుకుని రావడంతో అతను భూమితోపాటు ఇంకోటి కూడా తీసుకున్నాడు. ఇచ్చే అవకాశం.

మన్నెగూడకి మరీ దూరం కాని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న జరిగింది అందరికీ తెలుసు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన వినోబా భావే తర్వాత తెలంగాణ పల్లెల్లో నడుస్తూ అక్కడ ఆగారు. దళితులు ఎనభై ఎకరాలు కావాలన్నారు. ఎవరైనా ఇస్తారా అని వినోబా ఊరివాళ్ళని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. తర్వాత అది ఏమైందో, దానంగా వచ్చిన భూములు ఎన్ని చేతులు మారాయో అది వేరే పెద్ద కథ. ఆ రోజు కూడా తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు, భూస్వాములకి భయం లేదని ఎవరూ అనలేరు. కాబట్టి అది కల్తీలేని ఇష్టమని నేను ఒట్టు పెట్టను. అయినా అక్కడ ఒక ప్రశ్న నలుగురి మధ్య వేయబడింది, కావలసినవాళ్ళు ఎవరో అందరికీ కనిపిస్తూ కూర్చున్నారు, ఆయన లేవకుండా కూర్చుండిపోయినా సభ ముగిసేది. అది చాలు నాకు.

దీని పక్కన అమరావతిని పెట్టి చూడండి. 2015లో ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా రైతుల నుంచి రాజధాని కోసం వెళ్ళాయి. దానికి సేకరణ అని కాకుండా సమీకరణ అని పేరు పెట్టారు. సేకరించేవాడు కనిపిస్తాడు, సమీకరణలో అందరూ కలిసి ఏదో చేసినట్టుంటుంది. రైతులు ఒప్పుకుని సంతకాలు పెట్టారు, చాలామంది ఇష్టంగానే పెట్టారు. కొందరు, ఇవ్వకపోతే సేకరణ కింద ఎలాగూ పోతుందని పెట్టారు. ఇచ్చినవాళ్ళ త్యాగాన్ని సభల్లో పొగిడారు. 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ రైతులు రోడ్డెక్కి అడిగింది, ఇచ్చినదాని గురించి కాదు. పుచ్చుకున్న చెయ్యి ఎవరిదని అడిగారు. మేమిచ్చింది ప్రభుత్వానికి, పార్టీకి కాదు అన్నారు. 2022 మార్చిలో హైకోర్టు కూడా రైతులతో చేసుకున్న ఒప్పందానికి కట్టుబడాల్సిందేనంది. ప్రతిగ్రహం మెడకి చుట్టుకోవడం అంటే ఇదే. త్యాగం అనే మాట ఎవరి నోట వస్తోందో చూసుకోవాలి. ఇచ్చినవాళ్ళు అంటే ఒప్పుకుంటాను. పుచ్చుకున్నవాళ్ళు 'మీ త్యాగం మరువలేం' అంటే నాకు చిరాకు.

దస్తావేజులు రాసే ఒకాయన నాకు పరిచయం. ఒకసారి మాటల్లో, విడుదల దస్తావేజులో అక్క గొంతుతో అన్ని వాక్యాలుంటాయి కదా, తమ్ముడి గొంతుతో ఒక్కటి కూడా పెట్టకూడదా అని అడిగాను. ఎట్లాంటిది సార్ అన్నాడు. 'మా అక్కని అడిగి, ఆమె కాదనగలిగి ఉండీ ఇచ్చినందువల్ల, ఆమె భాగాన్ని నేను తీసుకుంటున్నాను' అని చెప్పాను. ఆయన పెన్ను చెవి మీద పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. రాయడానికేముంది, రాయొచ్చు అన్నాడు. తర్వాత, "గానీ అట్ల రాస్తే సంతకానికి ఎవ్వడు రాడు సార్" అని పక్క కాగితం తీసుకున్నాడు.